వెన్ను చీల్చే యంత్రం కొనే ముందు: పంది మాంసం ప్లాంట్ల టెండర్లు రాసేవారికి బహిరంగ లేఖ

కేంద్ర, రాష్ట్ర పశుసంవర్ధక శాఖల అధికారులకు, పంది మాంసం ప్లాంట్లకు ప్రాజెక్టు రిపోర్టులు తయారుచేసే కన్సల్టెంట్లకు, వాటికి అప్పు మంజూరు చేసే బ్యాంకుల వారికి,

నమస్కారం.

మా విన్నపం ముందే చెప్పేస్తాం. గంటకు వంద పందులు కూడా కోయని ప్లాంటుకు, కళేబరాన్ని వెన్ను మీదుగా రెండు సగాలు చేసే ఆటోమేటిక్ యంత్రాన్ని సామగ్రి జాబితాలో తప్పనిసరి చేయకండి. ఆ డబ్బు వేడినీళ్ల తొట్టికి, కత్తులను శుద్ధి చేసే స్టెరిలైజర్లకు, చల్లగదికి వెళ్లాలి. నిజంగానే పెద్ద లైను కడుతున్నారు, ఆ యంత్రం లేకపోతే నడవదు అనుకుంటే టెండరులో ఏమేం రాయాలో కూడా కింద చెప్పాం.

2020లో కేంద్రం 15,000 కోట్లతో పశుసంవర్ధక మౌలిక సదుపాయాల నిధి పెట్టింది. మాంస శుద్ధి ప్లాంట్లకూ అందులో వడ్డీ మీద 3 శాతం రాయితీ ప్రకటించింది. అప్పు సులువుగా దొరుకుతున్నప్పుడు సామగ్రి జాబితా పొడుగు పెరుగుతుంది. యూరప్ కంపెనీల బ్రోచర్లలో లైను ఎలా ఉంటే అలాగే మన రిపోర్టులోకి ఎక్కుతుంది. ఆ బ్రోచర్లలో రోబో చేయి కళేబరాన్ని నిలువునా చీల్చే బొమ్మే అన్నిటికన్నా ఆకర్షణగా ఉంటుంది. అది చెడ్డ యంత్రమని మేము అనడం లేదు. డెన్మార్క్‌లోని హోర్సెన్స్‌లో డేనిష్ క్రౌన్ ప్లాంటును వారానికి దాదాపు లక్ష పందులు కోసే లెక్కలో కట్టారు. అక్కడ ఆ పని చేతి రంపంతో అయ్యేది కాదు. అక్కడి అవసరం వేరు, ఇక్కడి అవసరం వేరు అన్నదే మా మాట.

ముందు ఈ కోత ఎందుకో చూద్దాం. పందిని కోసి, రక్తం కార్చి, వేడినీళ్లలో ముంచి, వెంట్రుకలు తీసి, మిగిలినవి మంటతో కాల్చి, పొట్ట తెరిచి లోపలి అవయవాలు తీశాక కళేబరం వెనక కాళ్ల మీద పట్టాలకు వేలాడుతుంటుంది. అప్పుడు దాన్ని తోక దగ్గర నుంచి మెడ దాకా వెన్నెముక మధ్యగా చీలుస్తారు. సగాలు చేస్తే మాంసం త్వరగా చల్లబడుతుంది, పశువైద్యుడికి లోపలి గోడలు పూర్తిగా కనిపిస్తాయి, కటింగ్ బల్ల మీద పని తేలికవుతుంది. యూరప్‌లో అయిదు వారాలు దాటిన పందిని తనిఖీకి ఇలా నిలువునా చీల్చి చూపించాలన్నది నిబంధనే.

కోత సరిగా పడటమంటే ఏమిటో దగ్గరగా చూడాలి. పంది వెన్నెముకలో వెన్నుపాము నడిచే గొట్టం వెడల్పు సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. బ్లేడు ఆ సెంటీమీటరు లోపలే పై నుంచి కింది దాకా నడవాలి. అప్పుడే గొట్టం రెండు సగాల్లోనూ తెరుచుకుని వెన్నుపాము తేలిగ్గా ఊడి వస్తుంది. అర సెంటీమీటరు పక్కకు జరిగితే ఒక సగంలో గొట్టం మూసుకుపోయి ఉంటుంది, రెండో సగంలో వెన్నుపూస సగానికన్నా తక్కువే మిగులుతుంది. ఇంకా జరిగితే బ్లేడు ఎముకను వదిలి వెన్ను పక్కనున్న కండలోకి దిగుతుంది. పందిలో అత్యంత ఖరీదైన ముక్క అదే. దాని మీద గాటు పడితే చాప్స్‌గా అమ్మాల్సింది కీమాలోకి పోతుంది. ఒక్క విషయం: ఆవులు, గేదెలు, గొర్రెల వెన్నుపామును పిచ్చి ఆవు జబ్బు భయంతో విడిగా తీసి పారేయాలనే కఠినమైన నియమం చాలా దేశాల్లో ఉంది. పందికి అది వర్తించదు. ఇక్కడ వెన్నుపాము తీసేది నాణ్యత కోసం. టెండర్లలో ఈ రెండిటినీ కలిపి రాయకండి.

ఇక యంత్రం సంగతి. పట్టా మీద కళేబరాలు ఆగకుండా కదులుతుంటాయి. గంటకు 400 పందులు, ఒక్కో కళేబరానికి మధ్య 80 సెంటీమీటర్లు అనుకుంటే కన్వేయర్ గంటకు 320 మీటర్లు, అంటే నిమిషానికి అయిదు మీటర్ల పైచిలుకు నడుస్తుంది. కోతకు ఆరు సెకన్లు పడితే ఆలోపు కళేబరం అర మీటరు ముందుకు పోతుంది. అందుకే రంపం ఉన్న బండి కూడా కన్వేయర్‌తో పాటు అదే వేగంతో పక్కన నడవాలి. ఆ వేగాన్ని కన్వేయర్ మీది ఎన్‌కోడర్ చెబుతుంది. కళేబరం వచ్చిందని ఫొటోసెల్, దాని పొడవు ఎంతో లేజర్ లేదా కెమెరా చెబుతాయి. వీపు వైపు నుంచి రోలర్లు ఆనుకుంటాయి, పొట్ట వైపు నుంచి జంట రోలర్లు వెన్నెముకకు చెరో పక్కన దిగి దాన్ని నడిమికి తెస్తాయి. అప్పుడు బ్లేడు తోక దగ్గర నుంచి కిందికి దిగుతుంది. కోత అయ్యాక బండి వెనక్కి వచ్చి, పెట్టెలోకి దూరి, వేడినీళ్లతో కడుక్కుని తర్వాతి కళేబరానికి సిద్ధమవుతుంది. ఇదంతా 400 వేగంలో తొమ్మిది సెకన్లలో అయిపోవాలి. అమెరికాలో చాలాకాలం గరిష్ఠ వేగంగా ఉన్నది గంటకు 1,106. అక్కడ ఒక్కో పందికి దక్కేది మూడుంపావు సెకన్లు. అందుకే అలాంటి చోట ఒక్క యంత్రంతో సరిపోదు, రెండో మూడో కావాలి. 2019లో అక్కడి వ్యవసాయ శాఖ ఆ వేగ పరిమితి ఎత్తేసింది. కార్మిక సంఘాలు కోర్టుకు వెళ్లాయి, 2021 మార్చిలో మిన్నెసోటా ఫెడరల్ కోర్టు ఆ భాగాన్ని కొట్టేసింది. కార్మికుల ఒంటి మీద ఆ వేగం ఏం చేస్తుందో చూడకుండా నిర్ణయించారన్నదే అక్కడి వాదన. వేగం కోసం యంత్రం కొంటున్నాం అనేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. చీల్చే చోట యంత్రం పెట్టి వేగం పెంచితే, ఆ ముందూ వెనకా కత్తి పట్టుకున్న మనుషులు కూడా అదే వేగం అందుకోవాల్సి వస్తుంది.

మన లెక్కకు వద్దాం. గంటకు 60 పందుల ప్లాంటులో ఒక్కో కళేబరానికి నిమిషం టైము ఉంటుంది. బ్యాండ్ సా రకం (పట్టీలా తిరిగే బ్లేడున్న) చేతి రంపంతో అలవాటున్న మనిషికి కోతకు పట్టేది పది పదిహేను సెకన్లు. మిగిలిన నలభై అయిదు సెకన్లలో రంపాన్ని స్టెరిలైజర్‌లో పెట్టొచ్చు, వెన్నుపాము లాగొచ్చు, ఎముక పొట్టు గీకొచ్చు. అంటే యంత్రం పెడితే ఆదా అయ్యేది ఒక్క మనిషి పని. అది కూడా పూర్తిగా కాదు, ఎందుకంటే యంత్రాన్ని చూసుకోవడానికి, అది వదిలేసిన కళేబరాన్ని చేత్తో కోయడానికి అక్కడ మనిషి ఉండాల్సిందే. చేతి రంపం, దాని బరువు మోసే బ్యాలెన్సర్, ఎత్తు మారే ప్లాట్‌ఫారం, స్టెరిలైజర్ కలిపి లక్షల్లో అయిపోతుంది. ఆటోమేటిక్ యంత్రం కోట్లలోకి వెళుతుంది.

దీనికన్నా పెద్ద చిక్కు మన పందులే. డెన్మార్క్‌లో ఒక రైతు దగ్గర నుంచి వచ్చే లారీలో పందులన్నీ దాదాపు ఒకే జాతి, ఒకే వయసు, ఒకే బరువు. అమ్మకపు బరువు తప్పితే రైతుకు ధర తగ్గుతుంది కాబట్టి ఆయనే ఏరి పంపుతాడు. మన దగ్గర ఒకే లారీలో 50 కిలోల నాటు పంది, 110 కిలోల యార్క్‌షైర్ సంకరం కలిసి దిగుతాయి. వాటి కళేబరాల పొడవులో తేడా చాలా ఎక్కువ. రోలర్ల మధ్య దూరం, కోత మొదలయ్యే ఎత్తు, ఆగే ఎత్తు అన్నీ మారాలి. యంత్రానికి సర్దుకునే హద్దు ఉంటుంది. హద్దు దాటిన కళేబరాన్ని అది వదిలేస్తుంది, లేదా, ఇది ఇంకా చెడ్డది, సర్దుకున్నట్టే నడిచి పక్కకు కోస్తుంది. పైగా పక్కటెముకల జతల సంఖ్య, దాంతోపాటు వెన్నుపూసల సంఖ్య, పందికీ పందికీ మారుతుంది. పొడవును బట్టి ఎముక ఎక్కడుందో ఊహించే ప్రోగ్రాం మెడ దగ్గరకు వచ్చేసరికి తప్పు చేసేది అందుకే.

కోత వంకర పోయినప్పుడు అందరూ బ్లేడునే తిడతారు. చాలాసార్లు తప్పు బ్లేడుది కాదు, అంతకు ముందు జరిగిన పనిది. వెదురు చీల్చేవాళ్లకు ఇది బాగా తెలుసు: పైన కత్తి నడిమికి పడితే కింది దాకా సమంగా చీలుతుంది, పక్కకు పడితే పోను పోను సన్నబడి మధ్యలోనే తెగిపోతుంది. కళేబరంలో ఆ పైభాగం కటి ఎముక. రెండు తొడల మధ్య ఎముక కలిసే చోట కత్తిరించే మనిషి నడిమి గీత వదిలేస్తే, యంత్రం రోలర్లు ఆ తప్పు గాటునే నడిమి అనుకుని పట్టుకుంటాయి.

రెండో కారణం వేలాడదీయడం. వెనక కాళ్ల నరాల వెనక గ్యాంబ్రెల్ (కాళ్లను ఎడంగా పట్టి కళేబరాన్ని వేలాడదీసే కడ్డీ) దూర్చేటప్పుడు ఒక వైపు నరం సగం తెగినా, వేడినీళ్లలో ఎక్కువసేపు నాని మెత్తబడినా ఆ కాలు కిందికి జారుతుంది. కటి వంగుతుంది, దాంతో వెన్ను మొత్తం ఏటవాలుగా వేలాడుతుంది. చేతి రంపం పట్టుకున్న మనిషి అది చూసి మణికట్టు తిప్పుతాడు. యంత్రం నిలువు గీతలోనే దిగుతుంది. గ్యాంబ్రెల్ వెడల్పు చాలకపోయినా ఇదే ఇబ్బంది: తొడలు దగ్గరగా ఒరుసుకుని పొట్ట వైపు రోలర్లకు దారి ఉండదు.

మూడోది కోసే ముందు పందికి స్పృహ తప్పించడానికి ఇచ్చే కరెంటు షాక్. తల నుంచి వీపు దాకా కరెంటు పంపే పద్ధతిలో కండరాలు ఒక్కసారిగా బిగుసుకుని వెన్నుపూస విరగడం ఉంది. విరిగిన చోట రక్తం గడ్డకట్టి, ఎముక ముక్కలు పక్కకు తిరిగి ఉంటాయి. అక్కడికి రాగానే బ్లేడు దారి తప్పుతుంది. చీల్చిన సగాల్లో నడుము దగ్గర నల్లటి రక్తపు మరకలు తరచు కనిపిస్తుంటే మొదట చూడాల్సింది షాకిచ్చే ఎలక్ట్రోడ్లను, రంపాన్ని కాదు.

ఇంకా చిన్నవి చాలా ఉన్నాయి. సాగిపోయిన కన్వేయర్ గొలుసు కళేబరాన్ని కుదుపులతో తెస్తుంది. పట్టా అతుకుల దగ్గర మెట్టు ఉంటే కళేబరం ఊగుతుంది. రోలర్ బేరింగులు అరిగితే ఒక వైపు ఒత్తిడి తగ్గుతుంది. ఒక్కొక్కటీ మూడు నాలుగు మిల్లీమీటర్ల తేడా తెచ్చినా చాలు, మనకు ఉన్నది మొత్తం సెంటీమీటరే కదా.

రంపమా, నరుకుడు కత్తా అనే ప్రశ్న వేరే. ఆటోమేటిక్ యంత్రాల్లో గుండ్రటి బ్లేడు ఉన్నవీ ఉన్నాయి, పెద్ద కత్తితో వేగంగా నరుక్కుంటూ దిగేవీ ఉన్నాయి. గుండ్రటి బ్లేడు తీసే గాడి వెడల్పు మూడు మిల్లీమీటర్లు అనుకుందాం. బ్యాండ్ సా బ్లేడు మందం అర మిల్లీమీటరు చుట్టుపక్కల, పళ్లు అటూ ఇటూ వంగి ఉండటం కలుపుకుంటే గాడి సుమారు 1.2 మిల్లీమీటర్లు. కోత పొడవు 90 సెంటీమీటర్లు, సగటు లోతు 8 సెంటీమీటర్లు తీసుకుంటే మొదటిదానిలో 216 ఘనపు సెంటీమీటర్లు, రెండోదానిలో 86 పొట్టుగా పోతాయి. అంటే వెయ్యి పందులకు 130 లీటర్ల తేడా. అందులో ఎక్కువ ఎముకే, నిజమే. కానీ ఆ పొట్టులో కొంత మాంసం మీదే అతుక్కుంటుంది. తడి పొట్టులో సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి, రెండో రోజుకు కోసిన ముఖం రంగు మారుతుంది. నరికే కత్తికి పొట్టు ఉండదు. కానీ దానికి పదును తగ్గితే ఎముక చిట్లి, ముళ్లలాంటి చిన్న ముక్కలు మాంసంలో గుచ్చుకుంటాయి. కొనేవాడి నోట్లో ఎముక ముల్లు గుచ్చుకుంటే వచ్చే ఫిర్యాదు, మొదటి రకంలో వచ్చే ఫిర్యాదు కన్నా పెద్దది. కత్తి రకం కొంటే సాన పట్టే బల్ల, రెండో జత కత్తులు, సాన పట్టడం నేర్చిన మనిషి కూడా ఆ ధరలోనే ఉండాలి.

అసలు ఈ కోత మధ్యగా పడటం వల్ల ఎవరికి లాభమో కూడా అడగాలి. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో మామూలు దుకాణంలో పంది మాంసం అమ్ముడయ్యేది చర్మం, కొవ్వు, ఎముకతో కలిపి కొట్టిన కూర ముక్కలుగా. తల విడిగా పోతుంది. అక్కడ వెన్ను మిల్లీమీటరు పక్కకు చీలినా ధర మారదు. చాప్స్, బేకన్, ఎముక తీసిన వెన్ను ముక్క విడివిడిగా అమ్మే ప్లాంటుకే మధ్య కోత డబ్బు తెస్తుంది. గన్నవరంలో ఒకప్పుడు ప్రభుత్వ బేకన్ ఫ్యాక్టరీ ఉండేది, కేరళలో కూత్తాట్టుకుళం దగ్గర మీట్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా ఉంది. ప్రాజెక్టు రిపోర్టులో ఇలాంటి సరుకు అమ్మకం ఎంత శాతమో రాయకుండా చీల్చే యంత్రం ఆదా చేసే డబ్బు లెక్క రాస్తే బ్యాంకులు ఆ పేజీని వెనక్కి పంపాలి.

శుభ్రత దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. చీల్చే బ్లేడు రోజులో ప్రతి కళేబరాన్నీ తాకుతుంది. ఒక్క కళేబరంలో పేగు తెగి మలం అంటితే, కడగని బ్లేడు దాన్ని తర్వాతి వాటి లోపలికి మోసుకెళుతుంది. అందుకే 82 డిగ్రీల నీటితో, లేదా అంతే ఫలితమిచ్చే మరో పద్ధతితో, ప్రతి కళేబరం తర్వాతా శుద్ధి చేయాలి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు థర్మామీటరును బాయిలర్ దగ్గర పెట్టడం. బాయిలర్ దగ్గర 88 ఉన్నా, ముప్పై మీటర్ల పైపు దాటి నాజిల్ దగ్గరకు వచ్చేసరికి అది ఎంతో ఎవరూ చూడరు. నీళ్లు ఆగకుండా తిరిగే రింగు లైను ఉండాలి, కొలత బ్లేడు పెట్టెలో తీయాలి, షిఫ్టు మొదట్లోనూ టీ విరామం తర్వాతా తప్పకుండా తీయాలి. నీళ్లు కదలక నిలిచిపోయే కొస పైపు ఒక్కటి ఉన్నా విరామం తర్వాత మొదటి పది కళేబరాలకు తగిలేది గోరువెచ్చని నీళ్లే. ఇంకొకటి: రక్తం, కొవ్వు అంటిన బ్లేడు మీద నేరుగా 82 డిగ్రీల నీళ్లు కొడితే మాంసకృత్తులు ఉడికి పొరలా అతుక్కుంటాయి. ముందు గోరువెచ్చని నీళ్లతో కడిగి ఆ తర్వాత వేడినీళ్లు కొట్టాలి. తొమ్మిది సెకన్ల చక్రంలో ఈ రెండిటికీ చోటుందా అన్నది అమ్మేవాడిని అడగాల్సిన మొదటి ప్రశ్న.

తెలంగాణలో, రాయలసీమలో బోరు నీళ్లు చాలాచోట్ల గట్టివి. 82 డిగ్రీలకు వేడెక్కగానే సున్నం పేరుకుంటుంది. రెండు మిల్లీమీటర్ల నాజిల్ రంధ్రం వారాల్లో సగం మూసుకుపోతుంది, పంపు మీటరు మాత్రం ఒత్తిడి బాగానే ఉందని చూపిస్తుంది. సాఫ్ట్‌నర్ లేకుండా ఈ యంత్రాన్ని కొనడం దండగ. అలాగే ఆవిరి నిండిన గదిలో కెమెరా, లేజర్ అద్దాల మీద తేమ పట్టి కళేబరం పొడవు తప్పు చదువుతాయి. పొడి గాలి ఊదే ఏర్పాటు కావాలి. ఆ గాలిలోనే వానాకాలంలో నీళ్లుంటే సిలిండర్లు తుప్పు పడతాయి కాబట్టి కంప్రెసర్‌కు డ్రయర్ కూడా కావాలి. ఇలా ఒక్క యంత్రం వెనక నాలుగు యంత్రాలు వస్తాయి. జాబితాలో మొదటిదే ఉంటుంది, మిగతావి ప్లాంటు నడిపేవాళ్ల నెత్తిన పడతాయి.

ఇదే శుభ్రతను చాలా తక్కువ ఖర్చుతో పెంచే పద్ధతి ఒకటి ఉంది. నార్వేలో మలద్వారం విడదీయగానే దాని మీద ప్లాస్టిక్ సంచి తొడిగి కట్టేసే అలవాటు తెచ్చారు. దాంతో యెర్సీనియా అనే బ్యాక్టీరియా కళేబరాల మీద బాగా తగ్గింది. ఆ బ్యాక్టీరియా పంది గొంతు దగ్గర టాన్సిళ్లలోనూ ఉంటుంది. అందుకే తలను చీల్చకుండా విడిగా తీయడమే మేలు. మన మార్కెట్లో తల ఎలాగూ విడిగా అమ్ముడవుతుంది, దాన్ని చీల్చే ప్రోగ్రాం కోసం డబ్బు కట్టకండి. ప్లాంటులో ఈ సంచి పద్ధతి, ప్రతి కత్తి దగ్గర 82 డిగ్రీల స్టెరిలైజర్ లేకుండా ఆటోమేటిక్ చీల్చే యంత్రం ఉందంటే, మాంసం ముందే పాడయ్యాక అందంగా కోస్తున్నారన్నమాట.

యంత్రం ఆగిపోతే ఏమవుతుంది? లైను మొత్తం ఆగుతుంది. వెనక వేడినీళ్ల తొట్టిలో 60 నుంచి 62 డిగ్రీల నీళ్లలో పందులు ఉంటాయి. అక్కడ వాటికి అయిదారు నిమిషాలే సరిపడే టైము. పది నిమిషాలు దాటితే చర్మం ఉడికి, వెంట్రుకలు తీసే యంత్రంలో చిరుగుతుంది, తొడ నరాలు మెత్తబడి గ్యాంబ్రెల్ నుంచి కళేబరం జారి పడుతుంది. కాబట్టి చీల్చే యంత్రం పక్కనే చేతి రంపం వేలాడుతూ, దాని స్టెరిలైజర్ వేడిగా, ప్లాట్‌ఫారం ఖాళీగా ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. రంపం స్టోర్ రూంలో తాళంలో ఉంటే అది ఉన్నట్టు కాదు.

ఇన్ని చెప్పాక కూడా గంటకు రెండు మూడు వందల పందుల లైను, దాదాపు ఒకే బరువు పందుల సరఫరా, ముక్కలుగా అమ్మే మార్కెట్ ఉన్నవాళ్లకు ఈ యంత్రం సరైనదే. చేతి రంపం 40 నుంచి 60 కిలోల బరువుంటుంది. బ్యాలెన్సర్ మోసినా రోజంతా దాన్ని పైకీ కిందికీ నడిపే మనిషి భుజాలకు, నడుముకు అది తేలికైన పని కాదు. ఆ కష్టం తప్పించడం మంచి కారణం. అలాంటివాళ్లు టెండరులో ఈ మాటలు స్పష్టంగా రాయించాలి.

పరీక్ష తయారీదారు ఊళ్లో కాదు, మన ప్లాంటులో, మన పందుల మీద జరగాలి. వరుసగా 200 కళేబరాలు, ఏరకుండా, చిన్న మధ్య పెద్ద బరువులు మూడూ ఉండేలా తీసుకోవాలి. మధ్యలో ఒక విరామం కూడా ఉండాలి, ఎందుకంటే చల్లబడి మళ్లీ మొదలైనప్పుడే లోపాలు బయటపడతాయి. ప్రతి సగంలో వెన్నుపాము గొట్టం ఎక్కడి నుంచి ఎక్కడి దాకా తెరుచుకుందో, వెన్ను కండ మీద గాటు ఉందో లేదో, గుచ్చుకున్న ఎముక ముక్కలు ఎన్నో, మళ్లీ చేత్తో కోయాల్సి వచ్చినవి ఎన్నో పశువైద్యుడు, ప్లాంటు మనిషి, అమ్మేవాడి మనిషి ముగ్గురూ సంతకం పెట్టిన కాగితం మీద ఉండాలి. 200లో నాలుగుకు మించి మళ్లీ కోయాల్సి వస్తే యంత్రం ఒప్పుకోకూడదన్నది మా సూచన. ఏ బరువు నుంచి ఏ బరువు దాకా యంత్రం పనిచేస్తుందో ఒప్పందంలో కిలోల్లో ఉండాలి. “అన్ని సైజులకూ” అనే మాట ఒప్పుకోవద్దు.

విడిభాగాల దగ్గర ఎక్కువ ప్లాంట్లు దెబ్బతింటాయి. బ్లేడ్లు, రోలర్లు, బేరింగులు, సీళ్లు, సెన్సార్లు రెండేళ్లకు సరిపడా యంత్రంతో పాటే దిగాలి. మోటారును అదుపు చేసే సర్వో డ్రైవ్ కనీసం ఒకటి అదనంగా ఉండాలి. అది యూరప్ నుంచి రావాలంటే వారాలు పడుతుంది. యంత్రాన్ని నడిపే కంప్యూటర్ (పీఎల్‌సీ) ప్రోగ్రాం కాపీ, దాని పాస్‌వర్డ్ ప్లాంటుకు రాతపూర్వకంగా అప్పగించాలి. పాస్‌వర్డ్ అమ్మేవాడి దగ్గరే ఉంటే చిన్న టైమరు మార్చడానికి కూడా ఇంజినీరుకు విమానం టికెట్ కొనాల్సి వస్తుంది. తెర మీద వచ్చే అలారం మాటలు అక్కడ పనిచేసేవాళ్ల భాషలో ఉండాలి: మన దగ్గర తెలుగు, హిందీ, గువాహటిలో అస్సామీ. ఇంగ్లిష్ అలారం అర్థం కాక రీసెట్ బటన్ నొక్కుతూ పోవడం వల్ల కూడా యంత్రాలు చెడిపోతాయి.

భద్రత గురించి తక్కువే రాస్తాం, కానీ దీనిలో రాజీ వద్దు. కంచె తలుపు తెరిస్తే బ్లేడు ఆగాలి, ఆగిందని యంత్రమే నిర్ధారించుకున్నాకే తలుపు గొళ్లెం వదలాలి. బ్లేడు మార్చే మనిషి కరెంటును, గాలిని రెండిటినీ ఆపి తన తాళం తాను వేసుకోవాలి. గాలి ఒత్తిడి సిలిండర్లో మిగిలి ఉంటే కరెంటు లేకున్నా రోలర్ కదులుతుంది, వేళ్లు పోయేది అక్కడే. చేతి రంపానికైతే రెండు హ్యాండిళ్లూ పట్టుకుంటేనే తిరిగే స్విచ్ ఉండాలి. ఒక దాన్ని టేపుతో కట్టేసి వాడటాన్ని సూపర్‌వైజర్ ఒక్కరోజు కూడా ఊరుకోకూడదు.

అప్పు తీరే లెక్కలో ఇంకొకటి చూడండి. 2019 పశుగణనలో దేశంలో పందులు 90.6 లక్షలు, 2012తో పోలిస్తే 12 శాతం తక్కువ. 2020లో అస్సాం, అరుణాచల్‌లలో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ బయటపడింది. దానికి మందు లేదు. వచ్చిన చోట పందులను చంపి పూడ్చడం, రవాణా ఆపడం తప్ప దారి లేదు. నెలల తరబడి ప్లాంటుకు పందులే రాకపోవచ్చు. రిపోర్టులో యంత్రం రోజుకు ఎనిమిది గంటలు, ఏడాదికి 300 రోజులు నడుస్తుందని రాసిన లెక్క ఆ నెలల్లో నిలవదు. చేతి రంపం పని లేనప్పుడు మూల కూర్చుంటుంది, దానికి వడ్డీ పెద్దగా ఉండదు.

అందుకని మా కోరికలు మూడు. పంది మాంసం ప్లాంట్ల సామగ్రి జాబితాలో చీల్చే పరికరాన్ని గంట వేగాన్ని బట్టి విడగొట్టండి: వందలోపు చేతి బ్యాండ్ సా, ఆ పైన రెండు రంపాలు లేదా యంత్రం, ఎంపిక ప్లాంటుది. ఆటోమేటిక్ యంత్రానికి అప్పు కోరే ప్రతి రిపోర్టుకూ గత ఏడాదిలో తమకు వచ్చిన పందుల బరువుల పట్టిక జతచేయాలని అడగండి. హైదరాబాద్ శివారు చెంగిచెర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థ, గువాహటి దగ్గర రాణిలోని జాతీయ పంది పరిశోధన కేంద్రం నిపుణులతో మన సైజు పందులకు తగిన చేతి రంపం, ప్లాట్‌ఫారం, స్టెరిలైజర్ కలిపిన ఒక స్టేషన్ నమూనా కొలతలు తయారు చేయించి, ఎవరైనా వాడుకునేలా ప్రకటించండి. ఆ నమూనా వచ్చేదాకా మంజూరు కోసం ఎదురుచూస్తున్న రిపోర్టుల్లో ఈ ఒక్క పద్దును పక్కన పెట్టి, మిగతా వాటికి అప్పు ఆపకుండా ఇవ్వండి.

ఇట్లు,
మాంసం ప్లాంట్లలో లైను నిర్వహణ, పశువైద్య తనిఖీ, రంపాల మరమ్మతు పనులు చూసే కొందరు